వాచీ ధరలో మజూరీ ఎంత, పేరు ఎంత?

1969 క్రిస్మస్ రోజున టోక్యోలో సీకో కంపెనీ ఆస్ట్రాన్ అనే చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. బంగారు కేసు, లోపల క్వార్ట్జ్ స్ఫటికం, ధర 4,50,000 యెన్‌లు. ఆ డబ్బుకి అప్పట్లో జపాన్‌లో ఒక చిన్న కారు వచ్చేది. నెలకు 5 సెకన్లకు మించి తేడా రాదని కంపెనీ హామీ ఇచ్చింది. ఎంత గొప్ప స్విస్ వాచీ అయినా రోజుకే కొన్ని సెకన్లు అటూ ఇటూ అయ్యే కాలం అది. కాబట్టి ఆ రోజున కచ్చితమైన సమయం ధనవంతుల సరుకు. ఇవాళ అదే సూత్రం మీద నడిచే వాచీ కోఠీ ఫుట్‌పాత్ మీద మూడు వందలకు దొరుకుతుంది. రోజుకు కొన్ని సెకన్లు తప్పే ఆ పాతకాలపు యంత్రమేమో పది లక్షలు, ఇరవై లక్షలు, ఒక్కోసారి కోటి పలుకుతోంది. యాభై ఏళ్లలో ధరలు ఇలా తలకిందులయ్యాయి. లక్షలు పోసి వాచీ కొనడం దండగా కాదా అని అడిగేవాళ్లు ముందు ఈ తిరకాసు చూడాలి.

మనకు బంగారం కొనడం బాగా తెలుసు. నగ కొంటే తూకం ఎంత, తరుగు ఎంత, మజూరీ ఎంత అని విడివిడిగా బిల్లులో రాయించుకుంటాం. తరుగు రెండు శాతం ఎక్కువేస్తే షాపువాడితో గంటసేపు బేరమాడతాం. వాచీ షోరూములో మాత్రం ఒకటే అంకె చెబుతారు, మనమూ మారుమాట లేకుండా వింటాం. ఆ ఒక్క అంకెను విడగొడితే సరుకు ఎంత, పనితనం ఎంత, పేరు ఎంత అన్నది చూడాల్సిన సంగతి.

సమయం సంగతి ముందే తేల్చేయొచ్చు, అందులో వాదనకు తావు లేదు. సెల్లుతో నడిచే మామూలు వాచీలోని క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను వరసగా 15 సార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా ఒకటి మిగులుతుంది. లోపలి సర్క్యూట్ చేసే పని ఆ భాగహారమే. కీ ఇచ్చే వాచీలోనూ, చెయ్యి కదిలితే తనంతట తాను బిగుసుకునే ఆటోమేటిక్ వాచీలోనూ ఒక చిన్న బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతుంది. చాలావాటిలో సెకనుకు 8 సార్లు. చలికి ఒకలా, ఎండకు ఒకలా, బల్లమీద వెల్లకిలా పెడితే ఒకలా, చేతికి ఉంటే ఇంకోలా దాని నడక మారుతుంది. స్ప్రింగు బిగువు సడలేకొద్దీ మళ్లీ మారుతుంది. అయినా రోజులోని 86,400 సెకన్లలో నాలుగైదు మాత్రమే తప్పుతుందంటే అది నిజంగా మెచ్చుకోవాల్సిన యంత్రమే. స్విట్జర్లాండ్‌లో 1973లో పుట్టిన సీఓఎస్‌సీ అనే సంస్థ క్రోనోమీటర్ అని ధ్రువీకరించాలంటే సగటున రోజుకు 4 సెకన్లు వెనకబడటం, 6 సెకన్లు ముందుకు పోవడం మధ్యలో ఉండాలి. రోలెక్స్ తన వాచీలకు రోజుకు 2 సెకన్లకు మించి తేడా ఉండదంటుంది. అలా చూసినా నెలకు ఒక నిమిషం. 1989 నుంచి తయారవుతున్న కాసియో ఎఫ్-91డబ్ల్యూ, వెయ్యి పదిహేను వందల రూపాయల ప్లాస్టిక్ వాచీ, నెలకు 30 సెకన్లు దాటదు. ఏడేళ్లదాకా సెల్లు కూడా మార్చక్కర్లేదు.

నాకు కచ్చితత్వమే కావాలి, దానికోసమే డబ్బు పెడతాను అనేవాళ్లకూ వాచీలున్నాయి. గ్రాండ్ సీకోలో 9ఎఫ్ అనే క్వార్ట్జ్ యంత్రం ఏడాదికి 10 సెకన్లకు మించి తప్పదు. సిటిజన్ 2019లో ఏడాదికి ఒక్క సెకను తేడాతో నడిచేదాన్ని తెచ్చింది. లక్షలు పెట్టేవాళ్లలో వీటి వైపు చూసేవాళ్లు ఎంతమంది? బహు కొద్దిమంది. ఖరీదైన వాచీ కొనేవాళ్లు సమయం కొనడం లేదని తేల్చడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. టైము చూడాలంటే వాళ్లూ అందరిలాగే ఫోన్ తీస్తారు.

మరి ఈ పాత యంత్రం ఎలా బతికింది? బతకలేదు, చచ్చి మళ్లీ పుట్టింది. క్వార్ట్జ్ దెబ్బకు స్విస్ వాచీ పరిశ్రమ కుదేలైంది. 1970లో దాదాపు 90,000 మంది పనిచేసిన చోట ఎనభైల మధ్యకొచ్చేసరికి ముప్పై వేల చిల్లర మిగిలారు. 1983లో స్వాచ్ వచ్చింది. కేవలం 51 భాగాలతో కూర్చిన ప్లాస్టిక్ క్వార్ట్జ్ వాచీ అది. నికొలాస్ హాయెక్ నడిపిన ఆ వ్యాపారం పరిశ్రమకు ఊపిరి పోసింది. అదంతా చాలామంది రాసిన కథే. నాకు ఎక్కువ విలువైనదిగా అనిపించేది దాని పక్కనే, ఒక ఏడాది ముందు జరిగిన చిన్న బేరం. బ్లాంక్‌పాన్ అనే పాత కంపెనీ అప్పటికి మూతపడి ఉంది. 1982లో జాన్ క్లోడ్ బివే, జాక్ పిగే అనే ఇద్దరు ఆ పేరును మాత్రం ఇరవై వేల ఫ్రాంకుల ప్రాంతంలో కొన్నారు. ఫ్యాక్టరీ లేదు, పనివాళ్లు లేరు, వాచీలు లేవు, కొన్నది పేరు. 1735 నుంచి బ్లాంక్‌పాన్ క్వార్ట్జ్ వాచీ చేయలేదు, ఇక ముందూ చేయదు అని ప్రకటనలు వేశారు. అందులో అబద్ధమేమీ లేదు, 1735లో క్వార్ట్జ్ వాచీ చేసినవాడెవడూ లేడు కదా! పదేళ్లు తిరిగేసరికి 1992లో ఆ కంపెనీని హాయెక్ గ్రూపుకే ఆరు కోట్ల ఫ్రాంకులకు అమ్మారు.

పాత యంత్రానికి ఉన్న లోపాన్నే గొప్పగా మార్చి అమ్మొచ్చని ఆ బేరం నిరూపించింది. సెల్లు అక్కర్లేదు, మనిషి చేయి పడింది, వందేళ్లయినా బాగుచేసుకోవచ్చు, మనవడికి ఇవ్వొచ్చు: ఇవాళ ఏ షోరూముకెళ్లినా వినిపించే మాటలన్నీ అప్పుడు కూర్చినవే. వాచీ మీది కాదు, తర్వాతి తరం కోసం కాపాడుతున్నారంతే అనే అర్థంలో పాటెక్ ఫిలిప్ 1996లో మొదలుపెట్టిన ప్రకటనలు ఆ మాటలకు పరాకాష్ఠ. ముప్పై లక్షలు ఖర్చుపెట్టి వస్తువు నాది కాదని సంతోషపడటం మామూలు విషయం కాదు. పరిశ్రమ మొత్తం ఈ దారే పట్టింది. 2011లో స్విట్జర్లాండ్ దాదాపు 3 కోట్ల వాచీలు ఎగుమతి చేస్తే, 2024లో పంపింది కోటిన్నర పైచిలుకు. సంఖ్య సగమైంది. విలువ మాత్రం 1,900 కోట్ల ఫ్రాంకుల చిల్లర నుంచి 2,600 కోట్లకు చేరింది.

ఇప్పుడు సరుకు చూద్దాం. ఒక మెట్టు వరకు, పెట్టిన ప్రతి రూపాయీ చేతికి తెలుస్తుంది. వెయ్యి రూపాయల వాచీ నుంచి పది పదిహేను వేల వాచీకి వెళ్తే తేలిగ్గా గీతలు పడని అద్దం, వానలో తడిసినా తుప్పు పట్టని స్టీలు కేసు, చర్మం ఒరుసుకోని బెల్టు వస్తాయి. సిటిజన్ ఎకో డ్రైవ్ లాంటి వాటికి వెలుతురు తగిలితే చాలు, సెల్లు మార్పించే పని లేదు. పాతిక ముప్పై వేలలో సఫైర్ అద్దం దొరుకుతుంది. సఫైర్ అంటే గనిలో తవ్విన నీలమణి కాదు, అల్యూమినియం ఆక్సైడ్ పొడిని కరిగించి పెంచిన స్ఫటికం. ఆ పద్ధతి 1902 నుంచే ఉంది. కాఠిన్యంలో వజ్రం పదైతే ఇది తొమ్మిది. తాళంచెవులకీ చిల్లరకీ లొంగదు. యాభై నుంచి ఎనభై వేలలో టిసో ఆటోమేటిక్ కొంటే, ఒకసారి పూర్తిగా బిగుసుకున్నాక 80 గంటలు నడిచే యంత్రం వస్తుంది. శుక్రవారం రాత్రి విప్పి పెట్టినా సోమవారం పొద్దున టైము చూపిస్తుంది.

రోజూ పెట్టుకునే వస్తువుగా వాచీకి కావాల్సినవన్నీ ఇక్కడితో అయిపోయాయి. దీని తర్వాత పెట్టే డబ్బుకి వచ్చేది అంతకంతకూ తగ్గుతూ పోతుంది. స్టీలు కొంచెం మేలురకం: రోలెక్స్ 904ఎల్ అనే రకం వాడుతుంది, తుప్పుకు బాగా ఓరుస్తుంది. అయితే మామూలు 316ఎల్ స్టీలు వాచీ చెమటకు తుప్పుపట్టి పోయిందని గోల పెట్టినవాణ్ని నేనింకా చూడలేదు. ఇప్పటి ఒమేగా యాంత్రిక వాచీలు చాలావరకు 15,000 గాస్‌ల అయస్కాంత క్షేత్రాన్ని తట్టుకుంటాయి. ఫోన్ మూతలు, స్పీకర్లు, హ్యాండ్‌బ్యాగు బొత్తాలు అన్నింట్లో అయస్కాంతాలే ఉన్న ఈ రోజుల్లో యాంత్రిక వాచీకి అది నిజంగా పనికొచ్చే గుణం. చైను లింకులు కదిలే తీరు, కీ తిప్పితే వేలికి తగిలే బిగువు, డయలు మీద అక్షరాల పదును, ఇవన్నీ రెండు మూడు లక్షల దగ్గర స్పష్టంగా మెరుగవుతాయి. పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. పక్కన పెట్టకపోతే చాలామందికి తెలియదు.

యంత్రం విషయంలో మరీ జాగ్రత్త కావాలి. ఈటీఏ 2824 అనే యంత్రం, దాని పోలికలోనే చేసిన సెలీటా ఎస్‌డబ్ల్యూ 200, ఈ రెండూ దశాబ్దాలుగా నలభై యాభై వేల వాచీల్లోనూ ఉన్నాయి, రెండు లక్షల వాచీల్లోనూ ఉన్నాయి. చక్రం మీద బ్రాండు పేరు చెక్కి, నాలుగు గీతలు గీసి, కొత్త నంబరు తగిలిస్తారు. నడక బాగానే ఉంటుంది, నమ్మకమైనదే. ధర మాత్రం నాలుగింతలు. స్విస్ మేడ్ అన్న ముద్ర చూసి మురిసిపోయేవాళ్లకు ఒక సంగతి: 2017 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం తయారీ ఖర్చులో కనీసం 60 శాతం స్విట్జర్లాండ్‌లో అవ్వాలి, మొత్తం కాదు. మిగతా నలభై శాతానికి కేసు, చైను, డయలు ఎక్కడినుంచైనా రావచ్చు.

నూరేళ్లు మన్నుతుందన్న మాట సగం నిజం. యాంత్రిక వాచీని బాగుచేస్తూ పోవచ్చు, కానీ దానికి అయిదు నుంచి పదేళ్లకోసారి విప్పి, కడిగి, నూనె వేసి, సీళ్లు మార్చాలి. కంపెనీ సర్వీస్ సెంటరులో లక్షల వాచీకి ఈ ఓవర్‌హాలింగ్ బిల్లు అర లక్ష దాటడం మామూలే. స్టాప్‌వాచీ, క్యాలెండరు లాంటి హంగులుంటే ఇంకా పైకి పోతుంది. బస్టాండు ఎదురుగా గాజు పెట్టె వెనక కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చునే వాచీ మేకర్ మన హెచ్‌ఎంటీని మూడొందలకు నడిపించి ఇస్తాడు. ఈ లక్షల వాచీని ముట్టుకోవడానికి ఆయనకు ధైర్యం ఉండదు. ఉన్నా విడిభాగాలు దొరకవు, చాలా కంపెనీలు వాటిని బయటివాళ్లకు అమ్మవు. కాబట్టి మనవడికి ఇచ్చేది వాచీ మాత్రమే కాదు, దాని సర్వీసింగ్ బిల్లు కూడా.

పనితనం దగ్గరికి వచ్చేసరికి నా స్వరం మారుతుంది. ఇక్కడ నిజంగా డబ్బుకు తగిన వస్తువు ఉంది. స్విట్జర్లాండ్‌లో జు లోయ అని ఒకటుంది. శీతాకాలమంతా మంచులో మునిగే ఆ పల్లెల్లో రైతులు పశువుల పని లేని నెలల్లో వాచీ భాగాలు చేసేవారు. అక్కడివాడే ఫిలిప్ డుఫూర్ అనే వాచీ మేకర్. ఈయన చేసిన సింప్లిసిటీ అనే వాచీకి గంటలు, నిమిషాలు, చిన్న సెకన్ల ముల్లు తప్ప మరేమీ లేవు. చూపు పెట్టాల్సింది వెనకవైపు. ప్రతి ఉక్కు, ఇత్తడి ముక్క అంచునూ వాలుగా చెక్కి, జెంషియన్ అనే కొండమొక్క ఎండుకాడతో రుద్ది అద్దంలా మెరిపిస్తారు. రెండు వాలు అంచులు లోపలి మూలలో కలిసేచోట సన్నని గీతలా నిలబడాలి. తిరిగే యంత్రం ఆ మూలకు వెళ్లలేదు, చేత్తోనే చేయాలి. ఈ మెరుగుల వల్ల వాచీ ఒక్క సెకను కూడా మెరుగ్గా నడవదు. చేతికి పెట్టుకున్నాక అవి కనబడవు కూడా. కలంకారీ అద్దకంలో కలం పట్టినవాడి చేయి విలువ తెలిసిన మనకు ఇది అర్థం కాని సంగతేమీ కాదు.

జర్మనీలో గ్లాష్యూటె ఊరి కథ ఇంకోటి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత తూర్పు జర్మనీ ప్రభుత్వం అక్కడి లాంగె కుటుంబం కంపెనీని స్వాధీనం చేసుకుంది. బెర్లిన్ గోడ కూలాక ఆ కుటుంబంలోని వాల్టర్ లాంగె 1990లో కంపెనీని మళ్లీ రిజిస్టరు చేయించాడు, 1994లో మొదటి వాచీలు బయటికొచ్చాయి. అక్కడ ప్రతి వాచీనీ రెండుసార్లు కూరుస్తారు. ఒకసారి కూర్చి, నడక సరిచూసి, మొత్తం విప్పి, కడిగి, మెరుగులు దిద్ది, మళ్లీ కూరుస్తారు. బ్యాలెన్స్ చక్రాన్ని పట్టుకునే పలక మీద పూలతీగను చేత్తో చెక్కుతారు. ఏ తీగ ఎవరు చెక్కారో లోపలివాళ్లు చూడగానే చెప్పగలరు. ఇలాంటి వాచీకి ఇరవై, ముప్పై లక్షలు అంటే అందులో మజూరీ కనబడుతుంది.

అయితే లోకం ఎగబడేది వీటికోసం కాదు, అసలు చిక్కు అక్కడుంది. రోలెక్స్ ఏడాదికి పది లక్షలకు పైగా వాచీలు చేస్తుందని అంచనా. పది లక్షలు చేసేది చేత్తో అవదు. అది అద్భుతమైన ఫ్యాక్టరీ, మర మనుషులు, కంప్యూటర్ యంత్రాలు, కఠినమైన పరీక్షలు ఉన్న ఫ్యాక్టరీ. అక్కడినుంచి వచ్చే సబ్‌మరీనర్ మంచి వాచీయే, మనదేశంలో తొమ్మిది పది లక్షలు. కానీ దాని ధరలో చేతిపని వాటా గొప్పగా ఉందనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. సెకండ్ హ్యాండ్ బజారుకు వెళ్తే ఈ వింత ఇంకా స్పష్టం. జేజర్ లెకూల్త్ర్, గ్లాష్యూటె ఒరిజినల్ లాంటి కంపెనీలవి పనితనంలో రోలెక్స్‌కు ఒక మెట్టు పైన ఉన్న వాచీలు చాలా ఉన్నాయి. అవి షోరూము గడప దాటితే మోడల్‌ని బట్టి మూడో వంతు నుంచి సగం దాకా విలువ కోల్పోతాయి. రోలెక్స్ స్టీలు వాచీలు కొన్ని కొన్న ధరకన్నా ఎక్కువకే అమ్ముడవుతాయి.

ఇంకా విచిత్రం పాటెక్ ఫిలిప్‌ది. ఆ కంపెనీవే బంగారపు కలట్రావా వాచీలు చాలావరకు సెకండ్ హ్యాండులో షోరూము ధరకన్నా తక్కువకు దొరుకుతాయి. స్టీలుతో చేసిన నాటిలస్ 5711కు షోరూము ధర 35,000 డాలర్ల దగ్గర ఉంటే బయట లక్ష డాలర్లు దాటి పలికింది. 2021లో కంపెనీ దాన్ని ఆపేసింది. అదే ఏడాది డిసెంబరులో టిఫనీ షాపు పేరుతో వచ్చిన లేతనీలం డయలు నాటిలస్ ఒకటి వేలంలో 65 లక్షల డాలర్లు తెచ్చింది. బంగారం తగ్గి ఉక్కు పెరిగే బజారు ఇది. బెజవాడ, ప్రొద్దుటూరు బంగారు బజారుల్లో ఎవరికైనా ఈ సంగతి చెబితే నవ్వి పోతారు. సరుకు విలువా కాదు, పని విలువా కాదు, దొరకకపోవడం విలువ అక్కడ నడుస్తోంది.

అందుకే వాచీని పెట్టుబడి అనేవాళ్లతో నాకు పేచీ. కరోనా రోజుల్లో చేతిలో డబ్బు, ఇంట్లో తీరిక ఉన్న జనం ఎగబడటంతో 2021లోనూ, 2022 మొదట్లోనూ ధరలు ఆకాశాన్నంటాయి. 2022 వసంతం దాటాక దిగడం మొదలై రెండేళ్లకు పైగా దిగుతూ పోయాయి. శిఖరం మీద కొన్నవాళ్లు బాగా మునిగారు. లాభపడ్డ మోడళ్లు మొత్తం వాచీల్లో పిడికెడు. పత్రికల్లో వచ్చేవి అవే. నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా 2017లో 1 కోటీ 77 లక్షల డాలర్లకు పోయిందని అందరూ చెబుతారు. ఆ రకం డయలు ఉన్న వాచీలు అరవైల్లో అమ్ముడుపోక షాపుల్లో మూలుగుతుండేవని చెప్పరు. పైగా ఆ ధర వాచీది కాదు, అది తిరిగిన చేతిది. మన చేతినుంచి విప్పిన వాచీకి అలాంటి అదనమేమీ రాదు. బంగారం 10 గ్రాములు 2025లో లక్ష దాటింది. ఆ బంగారాన్ని ఏ ఊరికి పట్టుకెళ్లినా ఆ రోజు ధర ఇస్తారు. స్టీలు వాచీని కరిగిస్తే వచ్చేది పాత ఇనుము రేటు.

ఇక పేరు సంగతి. థార్‌స్టైన్ వెబ్లెన్ అనే అమెరికా ఆర్థికవేత్త 1899లోనే, ఉన్నవాళ్లు పదిమందికీ కనబడటానికి ఖర్చుపెడతారని పుస్తకం రాశాడు. ధర పెరిగితే గిరాకీ పెరిగే వస్తువులకు ఆయన పేరే పెట్టారు. ఖరీదైన వాచీలు అందుకు చక్కని ఉదాహరణ. కావాలన్న మోడల్ అడిగితే లిస్టులో పేరు రాసుకుంటాం అంటారు. ముందు ఇంకో రెండు, ఎవరూ అడగనివి, కొంటే లిస్టు కొంచెం కదులుతుంది. డబ్బులిచ్చి కొనే మనిషి షాపువాడి దయకోసం నిలబడే వ్యాపారం ఇంకోటి నాకు కనబడదు.

తెలుగువాళ్లకు వాచీతో హోదా కొత్తేమీ కాదు. పెళ్లిలో అల్లుడికి పెట్టే లాంఛనాల్లో వాచీ, ఉంగరం జంటగా ఉండేవి. అలక పాన్పు మీద కూర్చున్న పెళ్లికొడుకు కోరికల్లోనూ ఉండేది. 1961లో సిటిజన్ సాంకేతిక సాయంతో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ రెండు తరాల ఉద్యోగస్థుల మణికట్టు మీద ఉంది. హైదరాబాద్‌లో ఆల్విన్ కంపెనీ, ఫ్రిజ్‌లతో పాటు సీకో సహకారంతో వాచీలూ చేసింది. 1984లో పుట్టిన టైటాన్ హోసూరులో క్వార్ట్జ్ వాచీలు మొదలుపెట్టి హెచ్‌ఎంటీ జాగా లాక్కుంది. 2002లో మూడున్నర మిల్లీమీటర్ల మందంతో ఎడ్జ్ అనే వాచీ చేసింది. పని గురించి మాట్లాడేవాళ్లు దాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. హెచ్‌ఎంటీ రోజుల వాచీకి హోదా ఉన్నా పని కూడా ఉండేది. ఆఫీసుకు, రైలుకు, పరీక్ష హాలుకు ఇంట్లో అదే దిక్కు. ఇప్పటి ఖరీదైన వాచీకి పని పోయి హోదా మిగిలింది. ఫలానా హీరో ఆడియో ఫంక్షన్‌కు పెట్టుకొచ్చిన వాచీ ధర ఎంతో తెలుసా అంటూ వచ్చే వార్తలు చూడండి. ధర ఉంటుంది, బ్రాండు ఉంటుంది, లోపలి యంత్రం ఏమిటో ఒక్క వార్తలోనూ ఉండదు. చదివేవాళ్లకు అక్కర్లేదు, బహుశా పెట్టుకున్నవాళ్లకూ అక్కర్లేదు.

ఇక్కడ నకిలీల ఊసెత్తక తప్పదు. ఒకప్పటి నకిలీ రోలెక్స్ దూరం నుంచే దొరికిపోయేది. ఇప్పుడు నలభై యాభై వేలకు వచ్చే మేలురకం నకిలీలో అదే రకం స్టీలు, సఫైర్ అద్దం, అసలు యంత్రాన్ని పోలిన యంత్రం ఉంటున్నాయి. వెనక మూత తీస్తేగానీ నిపుణులే తేల్చలేనివి ఉన్నాయి. దొంగ సరుకు కొనమని చెప్పడం లేదు, దాన్ని తయారుచేసి అమ్మడం నేరం, సర్వీసింగుకూ దిక్కుండదు. కానీ ఇంత దగ్గరగా తయారుచేయడానికి అంతే ఖర్చవుతోందంటే, అసలుదాని ధరలో సరుకు వాటా ఎంతో ఒక అంచనా దొరుకుతుంది. డుఫూర్ వాచీకి అలాంటి నకిలీ చేయడం కుదరదు. ఆ లోపలి మూలలు చెక్కే చేతులు ఎక్కడా చవగ్గా దొరకవు.

మనదేశంలో కొనేవాళ్లకు పన్నుల లెక్క వేరే. ఇన్నాళ్లూ దిగుమతి సుంకం 20 శాతం, దాని మీద సర్‌ఛార్జి, ఆపైన 18 శాతం జీఎస్టీ. దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో ఉన్న బంధువుల చేత తెప్పించుకునే అలవాటు అందుకే మొదలైంది; విమానాశ్రయంలో చెప్పకుండా దాటిస్తే దొరికిన రోజున వాచీ పోతుంది, పరువూ పోతుంది. స్విట్జర్లాండ్ కూడా ఉన్న ఎఫ్టా దేశాల కూటమితో 2024 మార్చిలో కుదిరిన ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద సుంకం ఏడేళ్లలో మెల్లగా తగ్గి సున్నాకు చేరుతుంది. అంతమేరకు ధర తగ్గుతుందని ఆశపడటం తొందరపాటే, ఎందుకంటే ఈ కంపెనీలు ఏటా ధర పెంచుతూనే ఉంటాయి. పది లక్షలు దాటిన వాచీ కొంటే 2025 ఏప్రిల్ నుంచి షాపువాడు ఒక శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను వసూలు చేస్తాడు. రిటర్న్ వేసినప్పుడు అది సర్దుబాటవుతుంది, కాకపోతే కొన్న సంగతి ఆదాయపన్ను శాఖకు తెలుస్తుంది.

ఇన్ని చూశాక నా లెక్క ఇదీ. యాభై నుంచి ఎనభై వేల వరకు ధరకు తగ్గ వస్తువు చేతికొస్తుంది, సందేహం అక్కర్లేదు. అక్కడినుంచి రెండు మూడు లక్షల దాకా, ఇలాంటి వాటిమీద ఇష్టం ఉన్నవాళ్లకు దొరికే తృప్తి ఉంది, ఇష్టం లేనివాళ్లకు ఏమీ లేదు. అయిదు లక్షలు దాటాక ఎక్కువ బ్రాండ్లలో కొనేది పేరు. పేరు కొనడం తప్పేమీ కాదు, సొంత డబ్బు, సొంత ఇష్టం. అది పనితనమనీ పెట్టుబడి అనీ ఇంట్లోవాళ్లకు చెప్పి ఒప్పించడమే అన్యాయం. మొదటి జీతం గుర్తుగానో, తండ్రి ఇచ్చినదనో దాచుకున్న వాచీకి ఈ లెక్కలేవీ వర్తించవు. అలాంటి గుర్తు అయిదొందల వాచీకి కూడా అంటుకుంటుంది.

నిజంగా పనితనం మీద మోజున్నవాళ్లకు మాత్రం బజారు చేసిన తప్పే లాభం. పేరున్న వాచీల వెనక జనం పరిగెత్తుతుంటే, పేరు తక్కువై పని ఎక్కువైన వాచీలు అయిదారేళ్ల వాడకంతో సగం ధరకు దొరుకుతున్నాయి. బాక్సు, పేపర్లు, సర్వీసు రికార్డు సరిగ్గా ఉన్న జేజర్ లెకూల్త్ర్ రెవర్సోనో, గ్లాష్యూటె ఒరిజినల్‌నో నమ్మకమైన చోట చూసుకుని తీసుకుంటే మొదటి యజమాని పేరుకోసం కట్టిన డబ్బు మీరు కట్టక్కర్లేదు, చేతిపని మొత్తం మీకే వస్తుంది. సర్వీసింగ్ బిల్లు మాత్రం మీరు సగం ధరకు కొన్నారని సగానికి రాదు, అది కొత్త వాచీ ధర చూసుకునే వస్తుంది. కొనేముందే ఆ డబ్బు విడిగా తీసి పెట్టుకోవాలి.